అట్ట మీద మనిషి

(బస్తర్‌లో వార్తలు సేకరిస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న విలేకరుల స్మృతిలో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)

తర్రెం అనే ఊరు ఒకటుందని దేశంలో చాలామందికి తెలిసింది 2021 ఏప్రిల్ మొదటి వారంలో. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బాసగూడ దాటి అడవిలోకి పోయే రోడ్డు మీద ఉంటుంది ఆ ఊరు. అక్కడి క్యాంపు నుంచీ చుట్టుపక్కల మరికొన్ని క్యాంపుల నుంచీ బయల్దేరిన బలగాలు ఏప్రిల్ 3న జోనాగూడ, టేకల్‌గూడ దగ్గర మావోయిస్టుల దాడిలో చిక్కుకున్నాయి. 22 మంది జవాన్లు చనిపోయారు. 31 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో 8 మంది డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్) వాళ్లు, అంటే అక్కడి నేల మీదే పుట్టి అక్కడి భాషలే మాట్లాడే బస్తర్ కుర్రాళ్లు. సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళానికి చెందిన రాకేశ్వర్ సింగ్ మన్హాస్ అనే జవాను బందీ అయ్యాడు. ఏప్రిల్ 7న, ఆకుల పాకలో కింద కూర్చున్న అతని ఫోటో ఒకటి బయటికొచ్చింది. సాయంత్రానికల్లా ఆ ఫోటో చూపని టీవీ లేదు.

మర్నాడు అతన్ని వదిలిపెట్టారు. మధ్యవర్తులుగా వెళ్లినవాళ్లు ఇద్దరు: వినోబా బాటలో వచ్చి, బస్తర్ ఆదివాసీ ఆడపిల్లల చదువుకు జీవితం ధారపోసిన పద్మశ్రీ ధర్మపాల్ సైనీ, గోండ్వానా సమాజం పెద్ద తేలం బోరయ్య. సైనీకి అప్పటికి తొంభై దాటాయి. వాళ్ల వెంట బీజాపూర్ విలేకరులు కొందరు మోటారు సైకిళ్ల మీద అడవిలోకి వెళ్లారు. గణేశ్ మిశ్రా, ముకేశ్ చంద్రాకర్ ఆ బృందంలోనివాళ్లే. చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని పిలిచి, వాళ్లందరి ముందూ జవాను కట్లు విప్పారు. ఆ వీడియో కూడా దేశమంతా చూసింది. మధ్యలో జవాను, పక్కన ఆయుధాలు పట్టుకున్నవాళ్లు, చుట్టూ వందల మంది ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. తాళ్లు విప్పిన క్షణం చూసిన కళ్లకు ఆ జనం కనిపించి ఉండకపోవచ్చు. ఈ ఉపన్యాసం ఆ వెనక వరసల గురించి. పత్రిక అట్ట మీదికి ఎవరొస్తారు, ఎవరు రారు, వచ్చినవాళ్లకు దానివల్ల ఏమవుతుంది అన్న సంగతి గురించి.

ఈ మాటలు ఎవరి స్మృతిలో చెబుతున్నామో ముందు వాళ్లను తలుచుకోవాలి.

ముకేశ్ చంద్రాకర్ పుట్టింది బాసగూడలో. మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో సాగిన సల్వాజుడుం రోజుల్లో ఆ కుటుంబం ఊరొదిలి ఆవపల్లి శిబిరంలో తలదాచుకుంది. పెద్దయ్యాక అతను పెద్ద చానెళ్లకు వార్తలు పంపుతూనే ‘బస్తర్ జంక్షన్’ పేరుతో సొంత యూట్యూబ్ చానెల్ నడిపాడు. 2024 డిసెంబరులో గంగాలూరు వైపు రోడ్డు పని ఎంత నాసిగా ఉందో చూపే కథనం ఒకటి టీవీలో వచ్చింది. దాని వెనక ముకేశ్ పని ఉంది. 2025 జనవరి 1న అతను కనిపించకుండా పోయాడు. 3వ తేదీన, బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరుకు చెందిన ఆవరణలో, కొత్తగా కాంక్రీటు పోసి మూసిన సెప్టిక్ ట్యాంకులో అతని శవం దొరికింది. ప్రధాన నిందితుణ్ని పోలీసులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు.

అదే బాసగూడలో, సంత దగ్గర, 2013 డిసెంబరులో సాయిరెడ్డిని మావోయిస్టులు చంపారు. ఆయన దేశబంధు అనే హిందీ దినపత్రికకు రాసేవాడు. అంతకు అయిదేళ్ల ముందు, 2008లో, మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ పోలీసులు ఆయన్ని ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద జైల్లో పెట్టారు. జైలు నుంచి బయటపడ్డ మనిషిని మావోయిస్టులు పోలీసుల మనిషన్నారు. 2018 అక్టోబరు 30న దంతెవాడ జిల్లా నీలావాయలో ఎన్నికల వార్తల కోసం వెళ్లిన దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు కాల్పుల్లో చనిపోయాడు. బస్తర్ నుంచి ఒక ఫోటో రాయపూర్ దాకానో హైదరాబాద్ దాకానో వచ్చిందంటే, దారిలో ఇలాంటి ప్రమాదాలన్నీ దాటి వచ్చిందని అర్థం.

ఇక అట్ట సంగతి. లోపల ఎన్ని పేజీలున్నా ముఖపత్రం ఒక్కటే. లోపలి ఫారాలు న్యూస్‌ప్రింట్ మీద పడితే, కవరు మాత్రం ఆర్ట్ పేపర్ మీద నాలుగు రంగుల్లో విడిగా పడుతుంది. దాన్ని ముందే తేల్చేయాలి. అందుకే సంపాదకుడు, చిత్రకారుడు, సర్క్యులేషన్ మేనేజరు ముగ్గురూ గట్టిగా వాదించుకునేది దీని మీదే. బస్టాండు బంకులో క్లిప్పుకు వేలాడే పాతిక పత్రికల్లో ఒకదాన్ని చెయ్యి చాపి తీసుకునేలా చేయాలి. వెనక అట్ట మీద ప్రకటన ఉంటుంది. ఆ ప్రకటనకు తీసుకునే రేటు లోపలి పేజీలకన్నా ఎక్కువ. ముందు అట్ట బాగా అమ్మితేనే వెనక అట్టకు ఆ ధర పలుకుతుంది. ఈ లెక్కలన్నీ దాటుకుని ఒక సామాజిక సమస్య అట్ట మీదికి వచ్చిందంటే ఆ పత్రిక ఏదో ఒకటి వదులుకోవడానికి సిద్ధపడిందన్నమాట. ఆ వారం ఏం వదులుకుందో చూస్తే దాని విలువలేమిటో తెలుస్తాయి. సంపాదకీయంలో ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు.

వదులుకోవడం ఒక్కోసారి జైలు దాకా వెళ్తుంది. 1987లో తమిళ వారపత్రిక ఆనంద వికటన్ అట్ట మీద శాసనసభ్యుల్ని, మంత్రుల్ని ఎగతాళి చేస్తూ ఒక కార్టూను జోకు వేసింది. తమిళనాడు శాసనసభ దాన్ని హక్కుల ఉల్లంఘన అంది. సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్‌కు మూడు నెలల శిక్ష వేసింది. దేశమంతటా నిరసన రావడంతో కొద్ది రోజులకే వదిలేశారు. ఆయన అంతటితో ఊరుకోలేదు. హైకోర్టుకు వెళ్లి, తన అరెస్టు తప్పని తీర్పు తెచ్చుకున్నాడు. కోర్టు ఇప్పించిన పరిహారం వెయ్యి రూపాయలు. లోపలి పేజీలో పడే జోకు అట్ట మీద పడింది కాబట్టి సభ అంత ఉలిక్కిపడింది.

తెలుగులో అట్టమీది బొమ్మకు గొప్ప చరిత్ర ఉంది. దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ అట్టల మీద వడ్డాది పాపయ్య దశాబ్దాల పాటు పురాణాల్ని రంగుల్లో చూపించాడు. యువ పత్రికకు ఆయన వేసిన పల్లె పడుచుల్ని, పండుగ రోజుల్ని, ఋతువుల్ని ఇప్పటికీ జనం కత్తిరించి దాచుకున్న పుటల్లో చూసుకుంటారు. ఆంధ్రపత్రిక వారపత్రికతో మొదలై బాపు తెలుగు ఇంటి ముఖాన్నే గీశాడు. ఆ బొమ్మలు మన కంటికి అందాన్ని నేర్పాయి. అదే సమయంలో వారపత్రికకు ఒక అలవాటు కూడా అంటించాయి. అట్ట అంటే అందమైన స్త్రీ ముఖం. ఆవిడకు పేరక్కర్లేదు, ఊరక్కర్లేదు, ఏం పని చేస్తుందో అక్కర్లేదు. ఫోటో ఆఫ్‌సెట్ వచ్చాక చిత్రకారుడి స్థానంలో కెమెరా వచ్చింది, గీసిన అమ్మాయి స్థానంలో సినిమా నటి వచ్చింది. అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

దాన్ని కదిలించినవి ఎక్కువగా బయటి నుంచి వచ్చిన ఉద్యమాలే. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా దుకాణాల్ని మూయించడానికి రోడ్డెక్కినప్పుడు ఈనాడు ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. దూబగుంట లాంటి ఊళ్ల ఆడవాళ్లు పేర్లతో సహా పత్రికలోకొచ్చారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. అదే ఏడు కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో భూమిక మొదలైంది. స్త్రీల పత్రిక అంటే వంటలూ ముగ్గులూ అనుకునే రోజుల్లో అది అత్యాచారం గురించి, ఇంట్లో జరిగే హింస గురించి ముఖం తిప్పుకోకుండా మాట్లాడింది. కారంచేడులో దళితుల హత్యాకాండ తర్వాతి ఏళ్లలో బొజ్జా తారకం లాంటివాళ్లు నడిపిన నలుపు పత్రిక దళితుల మాటను దళితుల కోణం నుంచే వినిపించింది. ఈ పత్రికల అట్టలకు లక్షల సర్క్యులేషన్ లేదు, మెరిసే కాగితం లేదు. ఎవరి బొమ్మ వేస్తున్నారో ఆ మనుషులే ఆ పత్రిక పాఠకులు కావడమే వాటి ప్రత్యేకత. బొమ్మలో ఉన్న మనిషి రేపు పత్రిక తెరిచి చూస్తుందన్న ఎరుకతో వేసే బొమ్మ వేరేగా ఉంటుంది.

సమస్యను చూపించాలన్న మంచి ఉద్దేశం ఉన్నా ఈ ఎరుక లేకపోతే ఏమవుతుందో 2018 మార్చిలో కేరళలో కనిపించింది. మాతృభూమి సంస్థ నడిపే గృహలక్ష్మి పత్రిక, బిడ్డకు పాలివ్వడాన్ని జనం తేరిపార చూడకుండా ఉండాలంటూ అట్ట మీద పాలిస్తున్న స్త్రీ ఫోటో వేసింది. అలాంటి ధైర్యం చేసినందుకు మెచ్చుకోవాలి. అశ్లీలమంటూ వేసిన ఫిర్యాదును హైకోర్టు కొట్టేసింది కూడా. అయితే ఫోటోలో ఉన్నది నటి, ఆమె చేతిలోని బిడ్డ ఆమె బిడ్డ కాదు. బస్సులో, ఆస్పత్రి వరండాలో, పొలం గట్టు మీద రోజూ పాలిచ్చే తల్లుల్లో ఒక్కరు కూడా ఆ అట్ట మీదికి రాలేదన్న విమర్శ న్యాయమైనదే.

బస్తర్‌కు వస్తే, బయటి ప్రపంచం దానికి వేసిన మొదటి అట్ట నాట్యానిది. దున్న కొమ్ముల తలపాగా పెట్టుకుని డోలు వాయించే మాడియా యువకుడి బొమ్మ పర్యాటక కరపత్రాల మీద ఈనాటికీ కనిపిస్తుంది. వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల ఘోటుల్, అంటే యువతీయువకులు కలిసి ఉండే ఇల్లు, గురించి రాసిన పుస్తకం ప్రపంచాన్ని బస్తర్ వైపు చూసేలా చేసింది. ఆయన పండితుడు, ఆదివాసుల్ని ప్రేమించినవాడు. ఆయన తర్వాత వచ్చిన కెమెరాలన్నిటికీ ఆ ప్రేమ లేదు.

చెంద్రూ కథ ఈ సందర్భంలో చెప్పి తీరాలి. నారాయణపూర్ దగ్గరి గఢ్‌బెంగాల్‌కు చెందిన మురియా పిల్లవాడు చెంద్రూ. పులిపిల్లతో అతని స్నేహం చుట్టూ స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ 1957లో సినిమా తీశాడు. ఆస్ట్రిడ్ సుక్స్‌డోర్ఫ్ ఆ పిల్లవాడూ పులీ కలిసి ఉన్న ఫోటోలతో పుస్తకం వేసింది. యూరప్ పిల్లలు ఆ పుస్తకం చదువుతూ పెరిగారు. చెంద్రూను స్వీడన్ తీసుకెళ్లి చూపించారు, తర్వాత ఊరికి తిరిగి పంపించారు. 2013 సెప్టెంబరులో అతను చనిపోయాడు, పేదవాడిగానే. ప్రపంచంలోని ఎన్నో ఇళ్ల అరల్లో అతని ముఖం ఉంది. ఆ ముఖానికి వచ్చిన పేరులో అతని ఇంటికి చేరింది ఏమీ లేదు.

డెబ్భైల తర్వాత, మరీ ముఖ్యంగా 2005లో సల్వాజుడుం మొదలయ్యాక, కొమ్ముల తలపాగా స్థానంలోకి తుపాకి వచ్చింది. 2010 మార్చి 29 నాటి అవుట్‌లుక్ సంచికలో దండకారణ్యంలో మావోయిస్టులతో తిరిగిన అనుభవాల మీద అరుంధతీ రాయ్ రాసిన సుదీర్ఘ వ్యాసం ముఖపత్ర కథనంగా వచ్చింది. అప్పటి సంపాదకుడు వినోద్ మెహతా. ప్రభుత్వం ‘దేశ అంతర్గత భద్రతకు అతి పెద్ద ముప్పు’ అంటున్న మనుషుల రోజువారీ జీవితాన్ని ఒక పెద్ద ఇంగ్లీషు వారపత్రిక అన్ని పేజీల్లో అచ్చువేయడం తేలికైన పని కాదు. అది ఆ పత్రిక విలువ. ఎనిమిది రోజులకే, ఏప్రిల్ 6న, తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లను మావోయిస్టులు చంపారు. ఆ తర్వాత దేశంలో ఆ వ్యాసాన్ని చదివిన తీరే మారిపోయింది.

ఆ రోజుల్లో పత్రికలు రెండుగా చీలాయి. ఒకవైపు అడవిలోకి వెళ్లి రాసినవి, ఇంకోవైపు శవపేటికల పక్కన నిలబడి రాసినవి. రెండువైపులా నిజమైన దుఃఖం ఉంది. అయితే రెండు రకాల అట్టల్లోనూ ఎవరో ఒకరి భుజాన తుపాకి ఉంది. యూనిఫాం రంగు మాత్రమే మారింది. తుపాకి లేని మనిషి, అంటే ఇప్ప పువ్వు ఏరుకునే మనిషి, రేషన్ కోసం నడిచే మనిషి, ఈ క్యాంపుకూ ఆ దళానికీ మధ్య రోజూ జవాబు చెప్పుకోవాల్సిన మనిషి, ఆ ఫ్రేముల్లో ఇమడలేదు. బస్తర్‌లో అత్యధికులు ఆ మూడో రకం మనుషులే.

ఇది ఒక్క బస్తర్‌కే పట్టిన గతి కాదు. 1985 జూన్ నేషనల్ జియోగ్రఫిక్ అట్ట మీద ఆకుపచ్చ కళ్లతో చూసిన అఫ్ఘాన్ అమ్మాయి బహుశా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ మంది గుర్తుపట్టే అట్టమీది ముఖం. స్టీవ్ మెకరీ పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో ఆ ఫోటో తీశాడు. ఆమె పేరు షర్బత్ గులా అని ప్రపంచానికి తెలిసింది 2002లో, పదిహేడేళ్ల తర్వాత. ఆమె తన ఫోటోను చూసింది కూడా అప్పుడే. 2016లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో ఆమెను పాకిస్తాన్‌లో అరెస్టు చేశారు, తర్వాత అఫ్ఘానిస్తాన్ పంపేశారు. తాలిబన్లు తిరిగి వచ్చాక 2021లో ఇటలీ ఆశ్రయమిచ్చింది. అదే పత్రిక 2018 ఏప్రిల్ సంచికను జాతివివక్ష మీద తెచ్చింది. దశాబ్దాలుగా తమ పత్రిక రాసిన తీరు జాతివివక్షతో కూడుకున్నదని సంపాదకురాలు సూసన్ గోల్డ్‌బర్గ్ అందులో ఒప్పుకున్నారు. పాత సంచికల్ని ఒక చరిత్రకారుడి ముందు పెట్టి, ఆయన చెప్పింది అచ్చువేశారు. ఆసియా, ఆఫ్రికా ఆదివాసుల్ని బట్టలు లేని వింత మనుషులుగా చూపించిన పత్రిక ఆ పని చేసిందంటే దాన్ని గౌరవించాలి. మన దగ్గర పత్రికలు తమ పాత సంచికల్ని అలా ఎవరి చేతికైనా ఇచ్చి చూడమంటే మంచిది.

బొమ్మ ఎంపికలోనే కాదు, దాన్ని తయారుచేయడంలోనూ విలువలు బయటపడతాయి. 1994 జూన్ 27 నాటి టైమ్, న్యూస్‌వీక్ రెండూ హత్య కేసులో నిందితుడైన ఓ.జె. సింప్సన్‌ను పోలీసులు తీసిన ఒకే ఫోటోను అట్ట మీద వేశాయి. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. టైమ్ పత్రిక చిత్రకారుడు దాన్ని నల్లబరిచాడు, నీడలు పెంచాడు. బంకులో రెండూ పక్కపక్కన వేలాడాయి కాబట్టి అమెరికా పాఠకులు పట్టేశారు. పక్కన పోల్చడానికి రెండోది లేకపోతే అది ఎవరికీ తెలిసేది కాదు. బస్తర్ నుంచి వచ్చే ఫోటోకు పక్కన పెట్టి పోల్చే రెండో ఫోటో చాలాసార్లు ఉండదు. పోలీసులు ఇచ్చిందో, మావోయిస్టు పార్టీ ఇచ్చిందో, ఒక్కటే ఉంటుంది.

సర్కేగూడ సంగతి చూడండి. బాసగూడ పక్క ఊరే. 2012 జూన్ 28 రాత్రి అక్కడ కాల్పుల్లో 17 మంది చనిపోయారు, వాళ్లలో మైనర్లు ఉన్నారు. పెద్ద ఎన్‌కౌంటర్, మావోయిస్టులు హతం అని మొదట వార్త వచ్చింది. బీజ్ పండుం, అంటే విత్తనాల పండుగ, గురించి మాట్లాడుకోవడానికి కూడామని ఊళ్లవాళ్లు చెప్పారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ జరిపి, చనిపోయినవాళ్లు మావోయిస్టులని చెప్పడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ నివేదిక 2019 డిసెంబరులో బయటికొచ్చింది. మొదటి రోజు హెడ్‌లైనుకూ ఆ నివేదికకూ మధ్య ఏడేళ్లు గడిచాయి. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆ ఏడేళ్లూ మావోయిస్టు కుటుంబం అన్న ముద్ర మోశారు. మొదటి వార్త వేసిన చోటే, అంతే పెద్దగా, చివరి నివేదిక కూడా వేయాలన్న నియమం ఒక్కటి పత్రికలు పెట్టుకుంటే ఆ కుటుంబాలకు కొంతైనా న్యాయం జరిగేది.

2021 మే నెల పత్రికలకు ఇంకో రకమైన పరీక్ష. తర్రెం దాటి అదే రోడ్డు మీద ముందుకు పోతే సిల్గేర్. అక్కడ కొత్తగా పెట్టిన బలగాల క్యాంపు వద్దంటూ చుట్టుపక్కల ఊళ్ల జనం వేలల్లో వచ్చి కూర్చున్నారు. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడ్డ గర్భిణి కూడా తర్వాత కన్నుమూసింది. అయినా జనం లేవలేదు, నెలల తరబడి కూర్చున్నారు. చనిపోయినవాళ్లకు అక్కడే గుర్తు కట్టుకున్నారు. మూలవాసీ బచావో మంచ్ పేరుతో సాగిన ఆ నిరసనలో యువతీయువకులు తమ ఫోన్లతో తామే ఫోటోలు తీసి బయటికి పంపారు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది.

సరిగ్గా ఆ మే నెలలో దేశం కోవిడ్ రెండో అలలో ఊపిరాడక కొట్టుకుంటోంది. మే 24 తేదీ వేసిన అవుట్‌లుక్ సంచిక, తప్పిపోయిన మనిషి ప్రకటన నమూనాలో, భారత ప్రభుత్వం కనిపించడం లేదు, వయసు ఏడేళ్లు, ఆచూకీ తెలిస్తే పౌరులకు చెప్పండి అన్న అర్థంలో అట్ట వేసింది. ఫోటో లేదు, బొమ్మ లేదు, అక్షరాలే. ఆక్సిజన్ కోసం ఆస్పత్రుల ముందు నిలబడ్డ లక్షల మంది మనసులో మాట అది. ఈ శతాబ్దంలో భారతీయ పత్రికలు వేసిన గొప్ప అట్టల్లో దాన్ని చేర్చాలి. అదే వారం సిల్గేర్‌లో జనానికి మాత్రం ప్రభుత్వం క్యాంపు రూపంలో, ముళ్లకంచె రూపంలో ఎదురుగానే ఉంది. వాళ్లు అడిగింది బడి, ఆస్పత్రి రూపంలో ఎక్కడుందని. అట్ట ఒక్కటే కాబట్టి ఒక న్యాయమైన బాధ ఇంకో న్యాయమైన బాధను పక్కకు నెడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే ఏడాదిలో 52 వారాలున్నాయి. తర్రెం ఏప్రిల్‌లో వార్తయింది, మే నెలకు దాని పక్క ఊరు వార్త కాలేకపోయింది. తర్వాతి 51 వారాల్లో ఏదో ఒక వారం సిల్గేర్ అట్ట మీదికి రావాల్సింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దాన్ని దాటేసి మాట్లాడితే నిజాయితీ కాదు. అట్ట మీద మనిషికి ముఖం ఉండాలి, పేరుండాలి అనడం తేలిక. బాసగూడ పరిసరాల్లో ముఖం, పేరు రెండూ ప్రమాదమే. క్యాంపు వాళ్లతో మాట్లాడినట్టు ఫోటోలో కనిపిస్తే ఒక వర్గం ఇన్ఫార్మర్ అంటుంది. నిరసన ముందు వరసలో కనిపిస్తే ఇంకో వర్గం మావోయిస్టు సంఘం మనిషంటుంది. సాయిరెడ్డి ప్రాణం పోయింది ఈ రెండు అనుమానాల మధ్యే. అందుకే ఏ అట్టకైనా వేయాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ సంచిక బాసగూడ సంతలో చేతులు మారితే, బొమ్మలో ఉన్న మనిషికి ఏమవుతుంది? ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో పాఠకుడికి ఏమనిపిస్తుందన్నది ఆ తర్వాతి సంగతి. ముకేశ్ లాంటి స్థానిక విలేకరి ప్రతి ఫోటోకూ ఈ ప్రశ్న వేసుకునేవాడు. వేసుకోక తప్పదు, ఎందుకంటే ఆ సంతకే అతనూ కూరగాయలకు వెళ్లాలి. నగరంలో కూర్చున్న సంపాదకుడికి ఆ ఒత్తిడి లేదు. కాబట్టి ఆ ప్రశ్న అడగగల మనిషిని సంపాదక సమావేశంలో కూర్చోబెట్టాలి, కనీసం ఫోన్లోనైనా. ముఖం చూపలేనప్పుడు చేతులు చూపవచ్చు, ఊరిని చూపవచ్చు, అవుట్‌లుక్ చేసినట్టు అక్షరాలతోనే చెప్పవచ్చు. ముఖం మసకబార్చి వేయడం ఒక్కటే మార్గం కాదు. మసక ముఖం చూసిన పాఠకుడు ముందు నేరస్థుణ్నే ఊహించుకుంటాడు.

తెలుగు పత్రికలకు ఇది పరాయి నేల వ్యవహారం కాదు. పామేడు లాంటి ఊళ్లకు ఏళ్ల తరబడి దారి తెలంగాణలోని చర్ల మీదుగానే ఉండేది. భోపాల్‌పట్నం, కోంటా ప్రాంతాల్లో చాలామందికి తెలుగు ఇంటి భాష. సల్వాజుడుం కాలంలో ఊళ్లు తగలబడితే పారిపోయి వచ్చిన వేలమంది ఖమ్మం, వరంగల్ అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. గుత్తికోయలని మనం పిలిచే వాళ్లకు ఇక్కడ ఎస్టీ గుర్తింపు కూడా దొరకలేదు. ఇంకోవైపు మావోయిస్టు పార్టీ నాయకత్వంలో తెలుగువాళ్లు ఎందరో తెలిసిందే. ప్రధాన కార్యదర్శిగా ఉన్న శ్రీకాకుళం జిల్లా మనిషి నంబాల కేశవరావు 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో చనిపోయాడు. తర్రెం దాడికి సూత్రధారి అని పోలీసులు చెప్పిన హిడ్మా 2025 నవంబరు 18న మారేడుమిల్లి దగ్గర చనిపోయాడు. ఈ రెండు పేర్లూ, ఫోటోలూ తెలుగు పాఠకులకు బాగా పరిచయం. వాళ్లు తిరిగిన ఊళ్ల పేర్లు పరిచయం లేవు.

ప్రతి ఏటా మాఘ, ఫాల్గుణాల్లో మన పత్రికలన్నీ వేసే ఫోటో ఒకటుంది. మిర్చి కల్లం. కంటికి ఆనినంత మేర ఎర్రగా ఎండుతున్న కాయలు, వాటి మధ్య వంగి తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు. చాలా అందమైన ఫోటో. ఖమ్మం, ములుగు, భద్రాద్రి జిల్లాల కల్లాల్లో వంగి ఏరేవాళ్లలో బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ముఠాలుగా వచ్చిన కూలీలుంటారు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అలా ములుగు జిల్లా పేరూరుకు మిర్చి కోతలకు వచ్చిన పన్నెండేళ్ల పిల్ల, తోటివాళ్లతో కలిసి అడవి దారుల్లో మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలోని తన ఊరు కొద్ది దూరంలో ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ పిల్ల మీద 2021లో సమీనా మిశ్రా ఇంగ్లీషులో ‘జమ్‌లో వాక్స్’ అనే పిల్లల పుస్తకం రాసింది. తారిక్ అజీజ్ బొమ్మలు వేశాడు. పుస్తకం పేరులో ఉన్న జమ్‌లో ఆ పిల్లే.

తెలుగులో వచ్చే ప్రతి వారపత్రికా, ప్రతి ఆదివారం అనుబంధమూ చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. అవేవీ ఆస్తులు అమ్ముకుంటే తప్ప కానివి కావు. మిర్చి కల్లం ఫోటో వేసే వారం, ఆ కూలీలు ఏ ఊరి నుంచి వచ్చారో, రోజుకెంత ఇస్తున్నారో, వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో ఆ ఫోటో కిందే రాయాలి. అట్టమీది ఫోటో తీసిన మనిషి పేరు లోపల ఎక్కడో సన్న అక్షరాల్లో కాకుండా అట్ట మీదే వేయాలి. పేరు వేస్తే ముప్పు అనుకుంటే, వేయాలా వద్దా అని అతన్నే అడగాలి. బీజాపూర్, సుక్మా, దంతెవాడల్లో పనిచేసే విలేకరులకు వార్తకింత అని లెక్కగట్టి ఇచ్చే డబ్బుతో పెట్రోలు ఖర్చు కూడా రాదు. వాళ్ల ఫోటో అట్ట మీద వాడుకున్నప్పుడు ఒక నగర ఫోటోగ్రాఫరుకు ఇచ్చే డబ్బే వాళ్లకూ ఇవ్వాలి, బీమా చేయించాలి. 2023 మార్చిలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ విలేకరుల రక్షణ బిల్లు ఆమోదించింది. ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే ముకేశ్‌ను చంపేశారు. చట్టం కాగితం మీదే ఉన్నప్పుడు, ఆ విలేకరి వార్తలు వాడుకున్న సంస్థ అతని వెనక నిలబడిందన్న సంగతి కాంట్రాక్టరుకూ తెలియాలి, ఎస్పీకీ తెలియాలి, దళానికీ తెలియాలి. అట్ట మీద అచ్చయిన పేరు ఆ ముగ్గురికీ ఒకేసారి చేరుతుంది.